పదకొండు కాలర్లు

జూన్ 3, సోమవారం

ఈ మహానుభావుడు ఇవాళ నీళ్ళ బకెట్లకి టోపీలు కుట్టాడు.

వాటిని ఇంకేమనాలో నాకు తెలియదు. గుండ్రటి గుడ్డముక్క, చుట్టూ ఎలాస్టిక్కు. వారానికి మూడు రోజులు నీళ్ళు రావు కాబట్టి వంటింట్లో తొమ్మిది బకెట్లు వరసగా ఉంటాయి. తొమ్మిదింటికీ తొడిగి, నడుముమీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇక దుమ్ము పడదు" అన్నాడు. పాత దుప్పటి, నీలం పువ్వులు. నా వంటిల్లు ప్రసూతి వార్డులా ఉంది.

ముప్పై నాలుగేళ్ళు గూడ్సు బండికి గార్డు. ఎర్రజెండా, పచ్చజెండా తప్ప ఇంకో గుడ్డ చేత్తో పట్టుకుని ఎరగడు. మా బులవాయో ఊళ్ళో మిగతా మగాళ్ళు రిటైరైతే కోళ్ళు పెంచుతారు. చర్చి కమిటీలో చేరి తగాదాలు పెడతారు. మా ఆయన ఎల్ఫస్ ఎండివేని గారు మాత్రం వచ్చి నా మిషను ముందు కూర్చున్నాడు.

నా మిషను. బాలికల బడిలో ముప్పై మూడేళ్ళు కుట్టుపని నేర్పిన దాన్ని నేను. పిల్ల ఏదైనా కుట్టి తెస్తే ముందు తిరగేసి చూసేదాన్ని. పైవైపు ఎవరైనా అందంగా కుడతారు, వెనకవైపే పిల్ల సంగతి తెలుస్తుంది. ఈ బకెట్ టోపీలు కూడా తిరగేసి చూశాను. దారం ముళ్ళు పిచ్చుకగూడులా ఉన్నాయి.

నేను ఫిబ్రవరి నుంచి మిషను ముట్టుకోలేదు. కరెంటు ఉండటం లేదు, వెలుతురు చాలదు. తొక్కుడు మిషనే అనుకో. అయినా వెలుతురు చాలదు.

జూన్ 6, గురువారం

స్త్రీల సమాజం కూటానికి వెళ్ళాను. ఆగస్టు 11న పదకొండుమంది కొత్తవాళ్ళు సమాజంలో చేరి, దాని దుస్తులు వేసుకుంటున్నారు. ఎర్ర జాకెట్టు, నల్ల లంగా ఎవరివి వాళ్ళు కుట్టించుకుంటారు. తెల్ల కాలర్లు మాత్రం ఇరవై ఆరేళ్ళుగా నావే. పాస్టరమ్మగారు బట్ట నా ఒళ్ళో పెట్టి, అలవాటుగా నా పుట్టింటి పేరుతో, "మాగుమెడే చేతిలో పెడితే మనకి దిగులుండదు" అన్నారు. తీసుకున్నాను. తీసుకోక ఏం చేస్తాను.

టీ తాగుతుంటే మా పక్కింటి మాచుమా నావైపే చూస్తూ కూర్చుంది. "నీ కప్పు పాట పాడుతోందేమిటి?" అంది.

చర్చి సాసర్లు చదునుగా ఉండవు. ఎప్పటినుంచో చెప్తున్నాను, ఎవరూ వినరు.

జూన్ 9, ఆదివారం

దారాలు నాసిరకంగా వస్తున్నాయి ఈమధ్య. సూది బెజ్జాలు కూడా చిన్నవి చేసేశారు.

జూన్ 14, శుక్రవారం

మా చలికాలం ముదిరింది, గడ్డిమీద మంచు గడ్డకట్టింది. ఈయన కుక్కకి కోటు కుట్టాడు.

వేళాకోళం కాదు. డ్యూటీ ఓవర్‌కోటు, ముప్పై నాలుగేళ్ళు వేసుకున్నది, నడుం దగ్గర కోసేసి కుక్కకి కుట్టాడు. ఇత్తడి గుండీలు కూడా తీయలేదు. కుక్క కదలకుండా నిలబడి కొలతలిచ్చింది. నా పెళ్ళి గౌనుకి నేను కూడా అంత ఓపికగా నిలబడలేదు. మెడ దగ్గర మడత లావుగా, బట్టలో కప్ప దాక్కున్నట్టు ఉంది. మూల తిప్పే ముందు లోపలి అదనపు బట్ట కోసెయ్యాలన్న జ్ఞానం లేదు. మొదటి నెలలోనే ఎనిమిదో తరగతి పిల్లలకి చెప్పేదాన్ని అది. ఈయనకి చెప్పలేదు. అడగనివాడికి ఎందుకు చెప్పాలి.

కుక్క పేరు బజోతిని. మా భాషలో 'ఏమంటారో ఏమో' అని. పదేళ్ళ కిందట ఆ పేరు పెట్టింది నేనే, కంచె అవతల మాచుమాకి వినబడాలని. రోజుకి పదిసార్లు గొంతెత్తి పిలిచేదాన్ని. ఆవిడ ఊరుకుంటుందా? తన కుక్కకి 'మీ ఇల్లు చూసుకోండి' అని పెట్టింది.

ఇవాళ ఆ కుక్క గార్డు కోటు వేసుకుని కంచె పక్కన నడిచింది. మాచుమా బట్టలు ఆరేస్తూ చూసింది.

"మాగుమెడే, మీ బజోతినికి ఉద్యోగం వచ్చిందా?" అంది.

"వచ్చింది. నీ ఇంటిమీద కాపలా" అన్నాను.

లోపలికొచ్చి ఈయనతో అన్నాను. "ఊళ్ళో మొహం ఎత్తుకోనివ్వరా మీరు నన్ను?"

"దానికి చలేస్తోంది" అన్నాడు.

"కుక్కకి బొచ్చు ఎందుకు ఇచ్చాడు దేవుడు?"

"ముసలిదైపోయింది. బొచ్చు రాలిపోతోంది."

అన్నిటికీ ఒక సమాధానం. చొక్కా కాలరుకి సూది గుచ్చుకుని మాట్లాడతాడు పైగా, దర్జీలాగా.

జూన్ 18, మంగళవారం

పిల్లికి పరుపు. నా పాత స్వెట్టరుతో. పిల్లి దానిమీద పడుకోవడం లేదు. కనీసం పిల్లికైనా అభిరుచి ఉంది.

జూన్ 20, గురువారం

కూటంలో ప్రార్థన అయ్యాక కుక్క కోటు సంగతి వచ్చింది. మాచుమాయే తెచ్చింది. ఆవిడ చెప్తే ఎలా చెప్తుందో తెలుసు కాబట్టి నేనే అందుకున్నాను. కోటు కుట్టేటప్పుడు నాలుక బయటపెట్టి మిషను ఎలా తొక్కుతాడో చూపించాను. కుక్కతో "చెయ్యెత్తండి సార్" అన్నట్టు చూపించాను. బకెట్ టోపీలు చెప్పాను, పిల్లి పరుపు చెప్పాను. "రేపో మాపో కోళ్ళకి లంగాలు కుడతాడు, గుడ్లు కావాలంటే నేను ఆ లంగాలు ఎత్తి వెతుక్కోవాలి" అన్నాను. పాస్టరమ్మగారు కూడా కళ్ళు తుడుచుకున్నారు నవ్వి నవ్వి. ఇరవై మంది ఆడవాళ్ళు. అంతమందిని నవ్వించి చాలా కాలమైంది.

ఈయన నా తాళంచెవి తెచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నేను మర్చిపోయి వచ్చానట. ఎప్పుడొచ్చాడో తెలియదు.

తాళంచెవి బల్లమీద పెట్టి అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

జూన్ 21, శుక్రవారం

మిషనుమీద గుడ్డ కప్పేశాడు.

జూన్ 25, మంగళవారం

ఇల్లు ప్రశాంతంగా ఉంది.

జూలై 2, మంగళవారం

ప్రశాంతంగా ఉంది. ఈయన పొద్దున కోళ్ళకి గింజలు వేస్తాడు, కట్టెలు కొడతాడు, బయట కుర్చీలో కూర్చుంటాడు. అడిగినదానికి సమాధానం చెప్తాడు. మర్యాదలో లోటేమీ లేదు. నిన్న, "కొంచెం ఆలోచించి, రిటైరైన మగాడు చెయ్యాల్సిన పని ఏదైనా చూసుకోండి" అన్నాను. "సరే" అన్నాడు.

కుక్క మాత్రం ఆ కోటు విప్పనివ్వడం లేదు. మొరుగుతోంది.

జూలై 11, గురువారం

ఇవాళ కూటానికి వెళ్ళలేదు. కాలర్లు మొదలుపెట్టాను. పొద్దున ఎనిమిదికి ఎండ కిటికీలో పడగానే కూర్చున్నాను. గట్టిగా నిలబడటానికి లోపల బక్రం పెట్టి, కచ్చా కుట్టు వేసి, మిషనెక్కించి, తిప్పి, ఇస్త్రీ పెట్టేసరికి ఎండ గోడమీదకి వెళ్ళిపోయింది. ఒకటి అయింది.

బాగానే ఉంది. మిషనుకి నూనె వెయ్యాలి.

ఒకప్పుడు మధ్యాహ్నంలోపు ఎనిమిది చేసేదాన్ని. అప్పుడు బట్ట మంచిది.

జూలై 12, శుక్రవారం

రెండో కాలర్ పాడైంది. కత్తెర మెడ గీత దాటి లోపలికి పోయింది. కుక్క వచ్చి మోచెయ్యి తోసింది.

ఆ ముక్కని పిండి డబ్బా వెనక దాచాను.

జూలై 13, శనివారం

కుక్క నిన్న గేటు బయట ఉంది. కుర్చీ కదిలి ఉంటుంది.

జూలై 18, గురువారం

మాచుమా అడిగింది, "ఎంతవరకు వచ్చాయి?" అని.

"ఏడయ్యాయి."

"తెచ్చి చూపించవూ?"

"అన్నీ అయ్యాక చూద్దువుగాని. సగం వండిన సంకటి ఎవరైనా వడ్డిస్తారా?"

అందరూ నవ్వారు. నాకింకా నోరు బాగానే పనిచేస్తోంది.

జూలై 23, మంగళవారం

మా అమ్మాయి సముకే ఫోను చేసింది గ్వేరు నుంచి. "నాన్న ఏమిటి, ఫోనులో గొంతు అలా ఉంది?" అంది. నాన్నకేం, రాజాలా ఉన్నాడు అన్నాను. "నీ చెయ్యి ఎలా ఉందమ్మా?" అంది. నా చేతికేమైంది అన్నాను. తండ్రీకూతుళ్ళు నా వెనక ఏం మాట్లాడుకుంటారో దేవుడికి తెలియాలి.

జూలై 29, సోమవారం

ఇవాళ్టిది సరిగ్గా రాయాలి.

మధ్యాహ్నం వంటింట్లో ఎండబెట్టిన ఆకుకూరలో వేరుశనగ ముద్ద వేసి కలుపుతున్నాను. ఈయన పిండి డబ్బా తీసి, దాని వెనక నుంచి పాడైన కాలర్ ముక్క తీసి బల్లమీద పెట్టాడు.  టీ కలిపి నా ముందు పెట్టాడు. కప్పు సగమే ఉంది.

"మీకు పాలు మిగల్చాలని ఉంటే చెప్పండి, నేను తాగడం మానేస్తాను" అన్నాను.

"నిండుగా పోస్తే తొణుకుతుంది" అన్నాడు.

అప్పుడు ఆలోచించాను. నిన్న కూడా సగమే. మొన్న కూడా. చెక్క దువ్వెన పైనుంచి కింద అరలోకి ఎప్పుడొచ్చింది? నా జాకెట్టుకి గుండీలు ఎప్పుడూ ముందే పెట్టి ఉంటాయి, తల దూర్చుకుంటే సరిపోయేలా. ఎప్పటినుంచి ఇలా జరుగుతోందో నాకు తెలియలేదు. తెలియనట్టు ఉన్నానేమో.

"సముకే వాళ్ళమ్మా, ఎన్ని అయ్యాయి?"

"ఏవి?"

"కాలర్లు."

"ఒకటి."

"ఇంకా రెండు వారాలు కూడా లేదు."

"లెక్కలు మీరు నాకు చెప్పక్కర్లేదు."

పాడైన ముక్కని అరచేత్తో చదును చేశాడు. తరవాత, "నువ్వు చెప్పు, నేను తొక్కుతాను" అన్నాడు.

అప్పుడు నోటికొచ్చినట్టు తిట్టాను. కుక్కల దర్జీ అన్నాను. ఆడంగి అన్నాను. ఇరవై ఆరేళ్ళ నా పేరుని బకెట్ టోపీలు కుట్టే చేతుల్లో పెట్టాలా అన్నాను. నా పని లాక్కోవడానికే కదా నా మిషను ముందు కూర్చున్నారు, నేను ఎప్పుడు చేతకానిదాన్నవుతానా అని చూశారు కదా అన్నాను.

అంతా విన్నాడు. కూర మాడింది.

"ఫిబ్రవరిలో నువ్వు మిషను ఆపేశావు" అన్నాడు. "నేను అప్పటికే బండి దిగిపోయాను. ఆ చప్పుడూ లేదు, ఈ చప్పుడూ లేదు. ఇంట్లో చెవులు గుయ్యిమనేవి. ఒకరోజు నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు ఊరికే కూర్చుని తొక్కాను. దారం కూడా లేదు. ఊరికే చప్పుడు కోసం. తరవాత ఊరికే తొక్కితే సిగ్గేసి, గుడ్డ పెట్టాను."

ఇంతకాలంలో ఈయన ఒక్కసారి అంత పొడుగు మాట్లాడటం నేను వినలేదు.

"మరి జూన్‌లో ఆ కూటంలో విన్నారు కదా. ఎందుకు కుడతానంటున్నారు?" అన్నాను.

"విన్నాను. బాగా చేశావు, నాలుక బయటపెట్టడం. నేను అలాగే చేస్తాను."

మాడిన కూర తిన్నాం ఇద్దరం.

ఆగస్టు 1, గురువారం

మొదలుపెట్టాం. చెడిపోయినదానికి బదులు బట్ట కావాలి. నా పెళ్ళికి మా అత్త ఇచ్చిన బల్లగుడ్డ తీసి ఇచ్చాను. "ఇది కొయ్యాలా?" అన్నాడు. "కొయ్యండి. కత్తెర తిన్నగా పోనివ్వండి, గూడ్సు బండిలా మలుపులు తీసుకోవద్దు" అన్నాను.

కత్తెర తిన్నగా పోయింది. అది ఒప్పుకోవాలి.

ఆగస్టు 2, శుక్రవారం

నేను పక్కన ముక్కాలిపీటమీద. ఈయన మిషనుమీద. మూడుసార్లు విప్పించాను. నాలుగోసారి విప్పమంటే నావైపు చూసి, "బడిలో పిల్లలు నిన్ను ఏమని పిలిచేవాళ్ళు?" అన్నాడు.

"టీచర్ అని."

"వెనకాల?"

చెప్పలేదు. 'విప్పు' అని పిలిచేవాళ్ళు. 'విప్పు వస్తోంది, విప్పు వస్తోంది' అని.

ఆగస్టు 3, శనివారం

మూలలు లావుగా వస్తున్నాయి. ఈయన పెన్సిలు మొనతో పొడుస్తున్నాడు, కత్తెర మొనతో పొడుస్తున్నాడు, చొక్కా చేత్తో నుదురు తుడుచుకుంటున్నాడు. నేను చూస్తూ కూర్చున్నాను చాలాసేపు. ఎందుకు చూస్తూ కూర్చున్నానో రాయను.

చివరికి చెప్పాను. "తిప్పే ముందు లోపల మూలని అడ్డంగా కోసెయ్యండి. దారానికి గింజంత దూరంలో."

కోశాడు. తిప్పాడు. మూల సూదిలా వచ్చింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"కుక్క కోటు కుట్టినప్పుడు చెప్పలేదే?"

"చెప్పలేదు."



ఆగస్టు 8, గురువారం

పది అయ్యాయి. తిరగేసి చూశాను. పదింటినీ. ఎనిమిదో తరగతి పిల్ల తెచ్చి ఉంటే మొదటి మార్కు వేసేదాన్ని, అయినా తిట్టేదాన్ని.

ఈయన నేను జూలైలో కుట్టినదాన్ని ఎండలో పట్టుకుని చూశాడు. "ఇది కూడా విప్పి కుట్టనా? ఒక అరగంట పని" అన్నాడు.

"దాన్ని ముట్టుకోవద్దు. అది బాగానే ఉంది."

"సరే."

మడిచి పదింటి కింద పెట్టాడు.

ఆగస్టు 11, ఆదివారం

అంతా బాగా జరిగింది. ఎండ కాసింది. పాటలు బాగా పాడారు.

ఆగస్టు 13, మంగళవారం

బాగా జరగలేదు.

రెండు రోజులుగా ఈ పుస్తకం తీసి మూస్తున్నాను. నా ఒక్కదానికోసం రాసుకునే పుస్తకంలో కూడా అబద్ధం రాశానంటే నాకన్నా నీచురాలు ఈ ఊళ్ళో మాచుమా కూడా కాదు. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆరాధన అయ్యాక చెట్టు కింద టీ ఇచ్చారు. కొత్తవాళ్ళు పదకొండుమంది వరసగా నిలబడ్డారు, ఎర్ర జాకెట్లు, తెల్ల కాలర్లు. పాస్టరమ్మగారు నా భుజంమీద చెయ్యి వేసి, "ఈ వయసులో కూడా ఆ చెయ్యి అలాగే ఉంది, మాగుమెడే" అన్నారు. నేను, "దేవుడి దయ" అన్నాను. అది మొదటి అబద్ధం.

మాచుమా కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కరి మెడా చూసుకుంటూ వచ్చింది. చివర ఫికిలే. టమాటాలు అమ్ముకునే పిల్ల, నిండా ముప్పై ఉండవు. ఆ పిల్ల కాలర్ అంచు పట్టుకుని పైకెత్తి, "ఇదేమిటే, కుట్టు తాగినవాడి నడకలా ఉంది" అంది. నావైపు తిరిగి, "మాగుమెడే, ఇది మాత్రం మీ కుక్కల దర్జీ చేత కుట్టించావు, అవునా?" అంది.

అందరూ నవ్వారు. జూన్‌లో నేనే నేర్పిన నవ్వు అది.

అది నాది. పదకొండింట్లో నాది అదొక్కటే.

నేనూ నవ్వాను. నవ్వి, "ఒక్కటి ముట్టుకోనిచ్చాను, ఏం చేశాడో చూడండి" అన్నాను.

ఈయన రెండడుగుల దూరంలో ఉన్నాడు, కుర్చీలు మోస్తూ. కుర్చీలు దింపాడు. టోపీ తీశాడు. ఫికిలే దగ్గరికి వచ్చి, "క్షమించమ్మా. ఆ రోజు కళ్ళజోడు పెట్టుకోకుండా కుట్టాను. తప్పు నాదే" అన్నాడు.

ఈయనకి కళ్ళజోడే లేదు.

ఫికిలే కాలర్‌మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. దుస్తులు వేసుకున్న రోజు. తల్లి ఊరినుంచి వచ్చింది చూడటానికి.

ఇంటికొచ్చాక, "ఆ మాచుమా నోరు చూశారా" అన్నాను.

"సంకటి చల్లారిపోతోంది, తిను" అన్నాడు.

జూన్‌లో లాగా మిషనుమీద గుడ్డ కప్పేస్తాడనుకున్నాను. కప్పితే నాకు హాయిగా ఉండేది. కప్పలేదు. నిన్నా ఇవాళా మామూలుగా కూర్చుని తొక్కుతున్నాడు. ఏం కుడుతున్నారని అడిగితే, "ఏదో" అంటాడు. కోపం లేదు. కప్పు సగం నింపి తెస్తున్నాడు.

వణుకుతోంది చెయ్యి. ఇవాళ ఈ పేజీలో అక్షరాలు నేనే చదవలేను. ఫిబ్రవరి నుంచి వణుకుతోంది. రాశాను కదా, చాలు.

ఆగస్టు 15, గురువారం

కూటానికి వెళ్ళాను. ఈయన వస్తానంటే వద్దన్నాను.

సాక్ష్యాల వేళ ఒకావిడ లేచి కొడుకు జ్వరం తగ్గిందని చెప్పింది. ఇంకొకావిడ లేచి దొంగలు ఎత్తుకుపోయిన మేక తిరిగొచ్చిందని చెప్పింది. నేను లేచాను. నేను లేవడం అందరికీ వింతే. ముప్పై ఏళ్ళలో ఇతరుల సాక్ష్యాలు విని పెదవి విరవడం తప్ప నేను సాక్ష్యం చెప్పలేదు.

"ఫికిలే మెడమీద ఉన్న కాలర్ నేను కుట్టాను. మిగతా పదీ మా ఆయన కుట్టాడు" అని కూర్చున్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. పాస్టరమ్మగారు, "అంటే... అన్నయ్యగారు సాయం చేశారా?" అన్నారు.

మళ్ళీ లేచాను. చెప్పడం కన్నా చూపించడం తేలికనిపించింది. కుడిచెయ్యి ముందుకి చాపాను. ఎడమచేత్తో పట్టుకోలేదు. గదిలో అందరూ చూశారు. ఎంతసేపు చాపానో తెలియదు, భుజం నొప్పెట్టింది.

"ఈ చెయ్యి సూది సరిగ్గా పట్టి ఆరు నెలలైంది. అయినా బట్ట తీసుకున్నాను. ఏడయ్యాయని అబద్ధం చెప్పాను. ఆదివారం ఆయన మీదకి తోశాను. ఆయన కుట్టింది తిన్నగానే ఉంది. వెళ్ళి ఎవరి కాలర్ వాళ్ళు తిరగేసి చూసుకోండి" అన్నాను.

 పాట ఎత్తుకుంటారని చూశాను. ఇలాంటప్పుడు మావాళ్ళు పాట ఎత్తుకుంటారు. ఎవరూ ఎత్తుకోలేదు.

చివరి బెంచీలోంచి ఫికిలే అంది, "అయితే అమ్మా, నాది మార్చిస్తారా?"

పాస్టరమ్మగారు ఆ పిల్లవైపు ఉరిమి చూశారు.

"మార్చిస్తాడు. వచ్చే గురువారానికల్లా" అన్నాను.

"మీరు కాదు కదా కుట్టేది?"

"కాదు."

"సరే అయితే" అంది.

మర్యాద తెలియని పిల్ల. ఆ గదిలో నాకు నచ్చింది ఆ పిల్ల ఒక్కతే.

ఇంటికొచ్చేటప్పుడు మాచుమా నా వెంటే నడిచింది. మలుపు దాకా ఏమీ మాట్లాడలేదు, ఆవిడకి అదొక రికార్డు. మలుపు దగ్గర, "నీ చెయ్యి నేను ఫిబ్రవరిలోనే చూశాను. అడిగితే తిడతావని అడగలేదు" అంది.

"అడగాల్సింది."

"తిట్టేదానివి."

"తిట్టేదాన్నే."

"ఆదివారం నేను కూడా ఎక్కువ చేశాను" అంది. అని, నేను ఏదైనా అనేలోపే గేటు తీసుకుని లోపలికి పోయింది. చేతకాని క్షమాపణ. నాకు వచ్చినదానికన్నా నయం.

ఈయన మిషనుమీద ఉన్నాడు. ఎదురుగా నిలబడి అంతా చెప్పాను. చాపిన చెయ్యి కూడా చెప్పాను. కాలు ఆపి విన్నాడు.

"ఫికిలేకి కొత్తది కావాలట" అన్నాను.

"బట్ట ఉందా?"

"బల్లగుడ్డలో ఇంకొంచెం ఉంది."

"అయితే తే" అన్నాడు.

తెచ్చాను. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాను. ఆయన సూదిలో దారం ఎక్కించుకుంటుంటే, "జూన్‌లో చర్చిలో నేను అన్నవి..." అని మొదలుపెట్టాను.

"ఇక్కడ ఎంత వదలాలి?" అన్నాడు బట్ట చూపించి.

"అరంగుళం."

"సరే."

అంతే జరిగింది. ఇంకా ఏదో జరగాలనుకున్నాను.

ఆగస్టు 17, శనివారం

సోమవారం పెద్దాసుపత్రికి. సముకే గ్వేరు నుంచి రేపు వస్తోంది తీసుకెళ్ళడానికి. నాకు తెలియకుండా తండ్రీకూతుళ్ళు ఎప్పుడో పేరు రాయించేశారు. "ఎవర్నడిగి రాయించారు?" అన్నాను. "నువ్వు వద్దంటావని అడగలేదు" అన్నాడు. ఈ ఊళ్ళో అందరికీ ఇదే సాకు దొరికింది.

ఇంకొక సంగతి. ఈ వారమంతా 'ఏదో' అంటూ కుట్టింది ఇవాళ తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఆసుపత్రి కాగితాలకి సంచి. ముదురు నీలం, లోపల లైనింగు, కార్డుకి ఒక జేబు, టీ సీసాకి ఒక జేబు. గుండీ పెట్టలేదు, వేళ్ళతో పనిలేకుండా మూత దానంతటదే పడేలా కుట్టాడు.

తిరగేసి చూశాను. టేపు పెట్టి కొలిచాను. పట్టీలు రెండూ ఒక్క పొడుగు లేవు, ముప్పావు అంగుళం తేడా. భుజానికి తగిలించుకుంటే ఒక పక్కకి ఒరుగుతోంది.

"విప్పనా?" అన్నాడు, అప్పుడే కత్తెర కోసం లేస్తూ.

"వద్దు. కూర్చోండి."

సోమవారం దాన్నే తీసుకెళ్తాను.